బద్ర్: దైవదూతలు దిగివచ్చిన యుద్ధం, ఆ తర్వాతి దినాలు

బద్ర్ పేరు వినగానే మన మనస్సుల్లో మెదిలేది దైవదూతల సైన్యం. హిజ్రీ 2వ సంవత్సరం, రమజాన్ 17. విశ్వాసులు సుమారు 313 మంది. వారికి 70 ఒంటెలు, రెండే గుర్రాలు. ఎదుట ఖురైషీయులు దాదాపు 1000 మంది. అల్లాహ్ విశ్వాసులకు ప్రశాంతమైన కునుకును ప్రసాదించాడు, వాన కురిపించి వారి పాదాలను స్థిరపరిచాడు. దైవప్రవక్త (సఅసం) భుజం మీది వస్త్రం జారిపోయేంతగా చేతులు చాచి వేడుకున్నారు. వెయ్యిమంది దైవదూతలు బారులుగా దిగివచ్చారు.

మన సభల్లో బద్ర్ గాథ చాలాసార్లు ఇక్కడితో ముగిసిపోతుంది. అయితే ఈ యుద్ధాన్ని గురించి అవతరించిన అన్ఫాల్ సూరా దైవదూతల ప్రస్తావనతో ప్రారంభం కాలేదన్న సంగతి గమనించండి. అది ప్రారంభమైంది విజయధనాన్ని గూర్చిన వివాదంతో! శత్రువును తరిమినవారు తమకే హక్కన్నారు, సొమ్ము పోగుచేసినవారు తమకన్నారు, దైవప్రవక్త (సఅసం)కు కాపలాగా నిలిచినవారు తామేమీ తక్కువ కాదన్నారు. ఆనాడు తమ ప్రవర్తన చెడిందని, అందుకే అల్లాహ్ ఆ ధనాన్ని తమ చేతుల్లోంచి తీసివేశాడని హజ్రత్ ఉబాదా బిన్ సామిత్ (రజి) తర్వాతి కాలంలో దాపరికం లేకుండా చెప్పారు. ఆకాశం నుండి సహాయం దిగిన నేల మీదనే ఈ వాదులాట జరిగింది.

ఆ మైదానంలోనే మరో దృశ్యం. ఖురైష్ నాయకుల శవాలను పాడుబడిన బావిలో వేస్తున్నారు. ఉత్బా శవాన్ని ఈడ్చుకువస్తుండగా అతని కుమారుడు హజ్రత్ అబూ హుజైఫా (రజి) ముఖం వివర్ణమైంది. ఆయన విశ్వాసుల పక్షాన పోరాడినవాడు. తండ్రిని చూసి మనస్సు చలించిందా అని దైవప్రవక్త (సఅసం) అడిగారు. తన విశ్వాసంలో సందేహమేమీ లేదని, తండ్రిలోని వివేకం, సౌజన్యం ఆయనను ఏదో ఒకనాడు ఇస్లాం వైపు నడిపిస్తాయని ఆశపడ్డానని, ఆ ఆశ బావి పాలైనందుకే ఈ దుఃఖమని ఆయన బదులిచ్చారు. దైవప్రవక్త (సఅసం) మందలించలేదు. ఆయన మేలు కోరి దుఆ చేశారు.

విజయవార్తతో హజ్రత్ జైద్ బిన్ హారిసా (రజి) మదీనా చేరే వేళకు అక్కడ దైవప్రవక్త (సఅసం) కుమార్తె హజ్రత్ రుఖయ్యా (రజి)కి ఖననం జరుగుతోంది. ఆమెకు సేవ చేయడానికే హజ్రత్ ఉస్మాన్ (రజి) యుద్ధానికి వెళ్లకుండా ఆగిపోయారు.

ఖురైషీయులు 70 మంది హతులయ్యారు, 70 మంది బందీలయ్యారు. బందీలను ఏం చేయాలి? వారు బంధువులు, పరిహారం తీసుకుని విడిచిపెడదామన్నారు హజ్రత్ అబూబకర్ (రజి). వధించాలన్నారు హజ్రత్ ఉమర్ (రజి). దైవప్రవక్త (సఅసం) మొదటి సలహా వైపు మొగ్గారు. మరునాడు హజ్రత్ ఉమర్ (రజి) వచ్చి చూస్తే ఆ ఇద్దరూ కూర్చుని విలపిస్తున్నారు. కారణం చెబితే తానూ ఏడుస్తానని, ఏడుపు రాకున్నా వారి కోసం ఏడ్చే ప్రయత్నం చేస్తానని ఆయన అన్నారు. దగ్గరలోని చెట్టుకన్నా చేరువగా శిక్ష తమకు చూపబడిందని దైవప్రవక్త (సఅసం) తెలిపారు. ప్రాపంచిక సామగ్రిపై కలిగిన కోరికను అల్లాహ్ ఆక్షేపించాడు, ముందే రాసిపెట్టిన నిర్ణయం లేకుంటే ఘోరశిక్ష పడేదని హెచ్చరించాడు. పిమ్మట తీసుకున్నదానిని ధర్మసమ్మతం చేశాడు. ఆలోచించండి సోదరులారా, ఆ హెచ్చరిక ఓడినవారికి కాదు, గెలిచినవారికి!

బందీలలో దైవప్రవక్త (సఅసం) అల్లుడు అబుల్ ఆస్ కూడా ఉన్నాడు. మక్కాలో ఉన్న హజ్రత్ జైనబ్ (రజి) భర్త విడుదలకై ఒక హారం పంపారు. అది ఆమె పెళ్లినాడు తల్లి హజ్రత్ ఖదీజా (రజి) ఇచ్చినది. దాన్ని చూడగానే దైవప్రవక్త (సఅసం) హృదయం ద్రవించింది. అయినా తానుగా తిరిగి ఇవ్వలేదు. ఉచితమనిపిస్తే బందీని విడిచి, ఆమె సొమ్మును ఆమెకు పంపండని సహాబాలను అడిగారు. వారు సమ్మతించారు. అబుల్ ఆస్ మక్కా చేరి, ఇచ్చిన మాట ప్రకారం ఆమెను మదీనాకు పంపాడు. కొన్నేళ్ల తర్వాత తన వద్దనున్న ఖురైషీయుల సొమ్మంతా ఎవరిది వారికి అప్పజెప్పి, వారి ఎదుటే ఇస్లాం స్వీకరించి తానూ మదీనా బయలుదేరాడు.