చిట్టిమల్లు గెలిచియుండిన యెడల

చరిత్రలో "అట్లు జరిగియుండిన" అను మాటకు తావులేదని పండితులు చెప్పుదురు. జరిగినది చరిత్ర, జరుగనిది ఊహ. శాస్త్రమునకు ఈ విభజన అవసరమే. కాని ప్రజల జ్ఞాపకము శాస్త్రమును అనుసరించి నడువదు. ధర్మరాజు జూదమునకు పోకుండిన బాగుండెడిదని తలపోయని శ్రోత తెలుగునాట లేడు. ఇట్టి తలపు వలన ప్రయోజనము లేకపోలేదు. ఒక ఫలితమును మనస్సులో తారుమారు చేసి చూచినప్పుడు, ఆ ఫలితమునకు నిజముగా ఉండిన బలమెంతో, తరువాతి వారు దానికి అంటగట్టిన బలమెంతో వేరువేరుగా తెలియవచ్చును.

ఇట్టి తలపునకు అనువైన పోటీ యొకటి తెలుగువారి చరిత్రలో కలదు. అది రెండు కోడిపుంజుల మధ్య జరిగినది. దానిని తెలిసికొనుటకు ముందు, నేటికిని కోడిపోరు జనజీవనమున భాగమైయున్న ఒక సీమను చూచుట మంచిది.

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున, బస్తరు ప్రాంతపు దంతెవాడ జిల్లాలో, బైలాడిలా కొండల పాదమున బచేలి యను ఊరు కలదు. ఎద్దు మూపురము వలె కనబడుటచే ఆ కొండలకు ఆ పేరు వచ్చినది. వాని కడుపున మేలైన ఇనుపరాయి యున్నది. 1960 దశాబ్దిలో కొత్తవలస నుండి కిరండూల్ వరకు తూర్పు కనుమలను తొలిచి రైలుమార్గము వేసిరి. అప్పటినుండి ఆ రాయి విశాఖపట్టణపు రేవునకును, అక్కడినుండి జపాను దేశమునకును పోజొచ్చినది. రాయి పోయిన దారినే మనుష్యులు వచ్చిరి. గనులలో పనికై వచ్చి బచేలి, కిరండూల్ ఊళ్లలో నిలిచిన తెలుగు కుటుంబములు అనేకము. వారికి పూర్వమే ఈ సీమకు తెలుగు సంబంధ మొకటి కలదు. 1323లో ఓరుగల్లు పడిపోయిన పిదప ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఈ అడవులకు వచ్చి రాజ్యము స్థాపించెనని బస్తరు రాజవంశపు సంప్రదాయము. దంతెవాడలో శంఖినీ డంకినీ నదుల సంగమమున వెలసిన దంతేశ్వరి ఆ వంశమునకు కులదేవత.

ఈ సీమలో వారపు సంత కేవలము క్రయవిక్రయముల చోటు కాదు. గోండులు, మాడియాలు, హల్బాలు చుట్టుప్రక్కల పల్లెల నుండి వచ్చి బంధువులను కలిసికొనుటయు అక్కడనే. ఇప్పపువ్వు, చింతపండు అమ్మి ఉప్పు, బట్టలు కొనుట యైన పిదప జనము ఒక ప్రక్కకు చేరును. అక్కడ కర్రలతో గుండ్రముగా కట్టిన బరి యుండును. హిందీలో ముర్గా లడాయీ అని చెప్పునది ఈ కోడిపోరే. పుంజు కాలికి చిన్న కత్తి కట్టి విడుతురు. పోరు తరచుగా కొద్ది నిమిషములలో ముగియును. ఓడిన పుంజు గెలిచినవానికి చెందును. సాయంకాలమునకు అది అతని యింట కూర యగును. ఓడినవాడు పుంజును, పందెపు సొమ్మును పోగొట్టుకొని ఇంటికి పోవును. మరి కొన్ని వారములకు వేరొక పుంజును సిద్ధపరచుకొని అదే బరికి వచ్చును. గోదావరి మండలములలో సంక్రాంతి పందెములు చూచినవారికి ఈ దృశ్యము కొత్తది కాదు. డేగ, కాకి, నెమలి అని ఈకల రంగును బట్టి పుంజులకు పేర్లు పెట్టి, ఏనాడు ఏ రంగు గెలుచునో లెక్కించు కుక్కుటశాస్త్రమే తెలుగునాట నున్నది. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము జంతువులను పోరునకు పురికొల్పుటను నేరముగా ఎంచినది. అయినను బరి మాసిపోలేదు.

బరిలో ఎవరి పుంజు గెలిచినను సంత సంతగానే యుండును. పల్నాట ఒకనాడు అట్లు జరుగలేదు.

పన్నెండవ శతాబ్ది ఉత్తరార్ధమున పల్నాటిసీమను సవతి సోదరులైన నలగామరాజు, మలిదేవరాజు పంచుకొని యేలిరి. నలగామునిది గురజాల, మలిదేవునిది మాచర్ల. గురజాలలో మంత్రిత్వము నాయకురాలు నాగమ్మది. మాచర్లకు అండ బ్రహ్మనాయుడు. నాగమ్మ శైవురాలు, బ్రహ్మనాయుడు వైష్ణవుడు. అన్ని కులములవారిని ఒకే చాపపై కూర్చుండబెట్టి భుజింపజేసిన చాపకూడు బ్రహ్మనాయునిది. అంత్యజుడైన కన్నమదాసును కొడుకుగా చేకొని సేనానాయకుని చేసినవాడును అతడే. ఈ రెండు పక్షముల నడుమ కోడిపోరు ఏర్పడినది. బ్రహ్మనాయుని పుంజు చిట్టిమల్లు, నాగమ్మ పుంజు శివంగిడేగ. ఓడిన పక్షము ఏడేండ్లు రాజ్యము విడిచి పోవలెనని పందెము. చిట్టిమల్లు ఓడినది. నాగమ్మ మోసము చేసెనని కథ చెప్పువారు కొందరు అందురు. మాచర్లవారు పందెమునకు కట్టుబడి వలస పోయిరి.

గడువు తీరిన పిదప రాజ్యభాగము నడుగుటకు అలరాజు రాయబారిగా గురజాలకు పోయెను. అతడు నలగామరాజునకు అల్లుడే. తిరిగివచ్చుచు దారిలో విషప్రయోగమున మరణించెను. అటుపై నాగులేటి యొడ్డున కారెంపూడి వద్ద యుద్ధము. బ్రహ్మనాయుని కుమారుడు బాలచంద్రుడు మొదలుగా వీరులనేకులు కూలిరి. కడకు బ్రహ్మనాయుడు నలగామరాజునకే రాజ్యము విడిచి గుత్తికొండ బిలమున ప్రవేశించెనని జనశ్రుతి. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన ద్విపద యందును, పిచ్చుకుంట్లవారి పాటల యందును ఈ కథ నిలిచినది. అక్కిరాజు ఉమాకాంతము 1911లో ద్విపదను ప్రకటించెను. పల్నాటి గాయకుల నోట విని జీన్ రోఘైర్ 1982లో ఆంగ్లమున ఒక గ్రంథము వెలువరించెను. కథలో ఎంత భాగము చరిత్రయో విద్వాంసులు తర్కించుచునే యున్నారు. కాని పల్నాటి ప్రజలు ఎనిమిది వందల యేండ్లుగా దీనిని తమ చరిత్రగానే తలచుచున్నారు. కావున చిట్టిమల్లు గెలిచియుండిన ఏమగును అని అడుగుట వ్యర్థము కాదు.

శివంగిడేగ కూలినదనుకొందము. పందెము ప్రకారము నలగామరాజు, నాగమ్మ గురజాలను విడిచి పోవలెను. పోవుదురా? పోవనిచో యుద్ధము ఏడేండ్లకు ముందే వచ్చును. అలరాజు దారిలో మరణింపడు గాని మరియొక రాయబారి ఎవడో మరణించును. పోవుదురనుకొన్నను, ఏడేండ్లకు తిరిగివచ్చి తమ భాగము నడుగుదురు. అప్పుడు రాజ్యమంతయు ఏలుటకు అలవాటుపడినవారు మాచర్లవారు. వారు వెంటనే యిచ్చివేయుదురని నమ్ముటకు బ్రహ్మనాయుని ధర్మబుద్ధి యొక్కటే ఆధారము. రాచరికము ఒక్కని ధర్మబుద్ధిపై నిలిచిన సందర్భములు చరిత్రలో అరుదు. ఎట్లు చూచినను దారులన్నియు కారెంపూడికే చేరుచున్నవి. పుంజు ఓటమి వలసపోవువారు ఎవరో నిర్ణయించినది. కలహమును పుట్టించినది అది కాదు. దాయభాగపు తగవు, మతద్వేషము, మంత్రుల స్పర్ధ అంతకు ముందే యుండెను.

దీనికి భిన్నమైన పోటీ యొకటి ఇరువదవ శతాబ్దిలో అమెరికాలో జరిగినది. 1926లో జీన్ టన్నీ యను ముష్టియోధుడు జాక్ డెంప్సీని ఓడించి జగజ్జెట్టి బిరుదు గైకొనెను. 1927 సెప్టెంబరు 22న షికాగో నగరమున ఇద్దరును మరల తలపడిరి. చూడవచ్చిన జనము లక్షకు పైబడిరి. ఏడవ విడతలో డెంప్సీ దెబ్బకు టన్నీ నేలకూలెను. పది లెక్కించులోగా లేవనిచో ఓటమి. కాని పడగొట్టినవాడు దూరపు మూలకు పోయిన పిదపనే లెక్క మొదలు పెట్టవలెనని నియమము. డెంప్సీ వెంటనే పోలేదు. మధ్యవర్తి లెక్కను ఆపి యుంచెను. టన్నీకి సుమారు పదునాలుగు క్షణముల వ్యవధి దొరకినది. అతడు లేచి, పది విడతలు ముగియునప్పటికి మధ్యవర్తుల నిర్ణయమున గెలిచెను. లెక్క సకాలమున మొదలైన ఏమై యుండునని ముష్టియుద్ధ ప్రియులు అప్పటినుండి వాదించుచునే యున్నారు. టన్నీ తాను ముందే లేవగలిగి యుంటినని చెప్పెను. ఆ యిద్దరును తరువాతి కాలమున స్నేహితులైరి. బిరుదు దక్కని డెంప్సీని జనము మునుపటి కంటె ఎక్కువగా ఆదరించిరి.

షికాగోలో అన్యాయము జరిగెనని నమ్మినవారును లక్షలు. పల్నాట మోసము జరిగెనని నమ్మినవారును అట్లే. ఒకచోట వాదము మిగిలినది, మరియొకచోట శవములు మిగిలినవి. ఈ భేదమునకు రెండు కారణములు కనబడుచున్నవి. మొదటిది, షికాగోలో ఇరుపక్షములకును చెందని మధ్యవర్తి యుండెను. అతని తీర్పు నచ్చకున్నను చెల్లినది. పల్నాట అట్టివాడు లేడు. గడువు తీరినదని చెప్పి రాజ్యమును ఇప్పించువాడెవడును లేడు. రెండవది మరింత ముఖ్యము. షికాగోలో పందెము ఒక బిరుదు. ఓడినవాడు దానిని పోగొట్టుకొనియు బ్రతుకగలడు. బస్తరు సంతలోను అంతే. పుంజు పోయినవాడు ఇల్లు వాకిలి పోగొట్టుకొనడు. పల్నాట ఒక కోడి కాలి కత్తికి ఇరువురు రాజుల ప్రజలను కట్టిరి. ధర్మరాజు పాచికలకు కట్టినదియు అదియే. కావున ఊహలో మార్చదలచినవాడు ఫలితమును మార్చి లాభములేదు, పందెమును మార్చవలెను. చిట్టిమల్లు ఓడి, బ్రహ్మనాయుడు ఒక పుంజును, కొంత ధనమును మాత్రము పోగొట్టుకొని మాచర్లకు మరలిన యెడల, బాలచంద్రుడు ముదుసలియై మరణించి యుండవచ్చును.

అయినను ఫలితము మారిన మారిపోవునది ఒకటి కలదు. అది జ్ఞాపకము. జనులు వలసపోయినవారి పక్షమున పాడుదురు. నాగమ్మ ఓడిపోయి ఏడేండ్లు అడవులు పట్టి తిరిగిన యెడల, మగవారి సభలో మంత్రిత్వము నెరపిన ఆ స్త్రీని నేటి కథ నిందించినంతగా నిందించి యుండదు. బహుశః ఆమె కష్టములనే పాడి యుండును. చాపకూడు సంగతియు ఆలోచింపదగినది. గెలిచిన బ్రహ్మనాయుడు దానిని పల్నాడంతటను రాజశాసనముగా నడిపి యుండవచ్చును. కాని రాజుతో వచ్చిన శాసనము రాజుతోనే పోవుట కలదు. ఓడిపోయి, కలిసి వలసపోయి, కలిసి మరణించినవారి ఆచారమగుటచే అది జనుల వశమైనది.

కారెంపూడిలో ఏటేట కార్తీక అమావాస్య మొదలు అయిదు దినములు వీరుల ఉత్సవము జరుగుచున్నది. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ దినములకు పేర్లు. మందపోరు నాడు చాపకూడు పెట్టుదురు. మరునాడు కోడిపోరు. వీరుల ఆయుధములను పూజించుటకు వచ్చిన జనమునకు ఏ పుంజు ఓడవలెనో ముందే తెలియును. అయినను వారు చూతురు. చిట్టిమల్లు మరల ఓడిపోవును. అంతకు ముందునాడు ఒకే చాపపై కూర్చుండి తిన్నవారు ఆ ఓటమిని తమదిగా తలచి ఇండ్లకు మరలుదురు.