జలతీర కట్టడములు – చిత్రసాక్ష్యము

పట్టణచరిత్ర వ్రాయబూనినవారు శాసనములను, కైఫీయతులను ముందు వెదకుదురు. పాత చిత్రములను గ్రంథమునకు అలంకారములుగా మాత్రమే చేర్చుకొందురు. బొమ్మరాజుల సంస్థానమునకు ముఖ్యపట్టణమైన కార్వేటినగరమున వేణుగోపాలస్వామి ఆలయమును, స్కంద పుష్కరిణిని పరిశీలించు విద్యార్థికి ఈ పద్ధతి చాలదు. చిత్రమును సాక్ష్యముగా చదువుట యెట్లో కృష్ణాతీరమందలి అమరావతి చరిత్ర బోధించుచున్నది.

18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అమరేశ్వరాలయ సమీపమున నూతన పట్టణమును నిర్మింపజేసెను. ఇటుకలకును ఱాళ్లకును దాపుననున్న దీపాలదిన్నెను త్రవ్విరి. అది ప్రాచీన ధాన్యకటక మహాస్తూపము. ఆ కాలముననే దానిని చూచిన కాలిన్ మెకంజీ, 1816లో సర్వేయరు జనరలు హోదాలో మరల వచ్చునప్పటికి దిబ్బ నడిమి భాగము గుంటయై యుండెను. అతని బృందము 1816–17లలో శిల్పఫలకములను 80కి పైగా పత్రములలో చిత్రించెను. ఊరికిని దిబ్బకును పటములు గీసెను.

1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించిన ఫలకములు మద్రాసు చేరెను. 1858లో లిన్నియస్ ట్రైప్ వానికి ఛాయాచిత్రములు తీసెను. 1859లో అవి లండనుకు పంపబడెను.

ఈ రెండు తెగల చిత్రములను పోల్చి చూడవలెను. ఛాయాచిత్రమున ఉలిపని సూక్ష్మముగా కనబడును; కాని ఫలకము అప్పటికే తన చోటు విడిచినది. చేతితో గీసిన చిత్రమున పొరపాటు దొరలవచ్చును. అయినను పటముతో జోడించి చూచినచో దిబ్బ యెట్లుండెనో, ఊరు దానికెంత చేరువయో తెలియును. నాడు చిత్రింపబడిన ఫలకములలో కొన్ని నేడు లభింపవు. వానికి ఆ కాగితమే శేషించిన రూపము.

స్తూపఫలకములపైననే స్తూపరూపము చెక్కబడియుండుట మఱియొక విశేషము. అండము, ప్రాకారము, ఐదేసి ఆయక స్తంభములు అందు గలవు. శిల్పి రూపమును చూపెను, కొలతలను చెప్పలేదు. కొలతలకు పటములును త్రవ్వకముల నివేదికలును కావలెను. ఏ చిత్రమును ఒంటరిగా సాక్ష్యము పలుకజాలదు.

1880లో మద్రాసు ప్రభుత్వము తక్కిన దిబ్బను త్రవ్వించెను. తగిన పటములు లేకుండ సాగిన ఆ పనిచే ఏ ఱాయి యెచ్చట నుండెనో తెలిసికొను అవకాశము చాలవఱకు నశించెను. మఱుసటి యేట జేమ్స్ బర్జెస్ వచ్చునప్పటికి గొయ్యి మిగిలియుండెను. హాని తలపెట్టి చేసిన పని కాకున్నను ఫలితము హానియే.

కార్వేటినగరమున ఆలయమును పుష్కరిణియు నేటికిని నిలిచియున్నవి. కావున అచ్చటి సోపానములకును శిల్పములకును తీయు ప్రతి ఛాయాచిత్రమునకు తేదీ, దిక్కు, కొలత, నీటిమట్టము, తీసినవారి పేరు చేర్పవలెను. మరమ్మతునకు ముందొకటి, పిదప నొకటి తీయవలెను. ఱాయి కదలిన తరువాత దాని చోటును చెప్పగలిగినది అట్టి పత్రమే.