తవుడు ఎటు పోయింది?

మా వైపు షుగర్ జబ్బు చరిత్ర చెప్పాలంటే ముందు బియ్యం చరిత్ర చెప్పాలి. మా అత్తయ్యగారు అడిగిన ఒక ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ పోతే నాకు చివరికి తేలింది ఇదే. "మా చిన్నప్పుడు ఊరు మొత్తం మీద షుగరు అన్న మాటే వినలేదు. ఇప్పుడు గడపగడపకీ ఎలా వచ్చిందే అమ్మాయ్?" అని ఆవిడ ప్రశ్న. మా మామయ్యగారు కాలికి పుండు పడి, మోకాలి కింద దాకా తీసేయించుకుని, ఏడాదిన్నర మంచం మీద ఉండి పోయారు. ఆవిడకి పదకొండేళ్లుగా షుగర్. మా మరిదికి నలభై నిండకుండానే వచ్చింది. ఏలూరులో ఒక్క జీతం మీద నడిచే ఇల్లు మాది. అందుకని ఆ ప్రశ్నని ఊసుపోక అడిగినదిలా వదిలేయలేకపోయాను.

అత్తయ్యగారి పుట్టిల్లు చింతలపూడి వైపు మెట్ట ఊరు. జొన్నన్నం, చోడంబలి, పొలం గట్టు మీద దొరికే ఆకుకూర, మజ్జిగ, ఇదీ ఆవిడ చిన్ననాటి తిండి. వరన్నం పండక్కీ, చుట్టాలొచ్చినప్పుడూ. ఆవిడని డెల్టా ఊరికి కోడలిగా పంపినప్పుడు వాళ్ల నాన్నగారు "మా పిల్ల రెండు పూటలా తెల్లన్నం తినే ఇంటికెళ్తోంది" అని ఊళ్లో అందరికీ చెప్పుకున్నారట. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకోండి, దీనితో పని ఉంది.

ఆ డెల్టా కూడా ఎప్పుడూ ఇంత పచ్చగా లేదండీ. నందన నామ సంవత్సరం, అంటే 1832-33లో వచ్చిన కరువు గుంటూరు వైపు నుంచి ఈ జిల్లాల దాకా ఊళ్లకి ఊళ్లనే ఖాళీ చేసింది. గోదావరి నిండా నీళ్లున్నా అవి సముద్రంలోకి పోయేవి. 1847లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేయించాడు. వెనకాలే బెజవాడ దగ్గర కృష్ణకీ ఆనకట్ట వచ్చింది. గోదావరి నుంచి ఒక కాలవ, కృష్ణ నుంచి ఒక కాలవ వచ్చి కలుసుకున్న ఊరు మా ఏలూరే. ఈ కాలవల మీదే పడవల్లో ధాన్యం బస్తాలు ఊళ్లు దాటాయి. నీళ్లు అందిన చోటల్లా జొన్న, చోడి, కొర్ర వెనక్కి తగ్గి వరి ముందుకొచ్చింది. కాటన్ దొర బొమ్మకి ఇప్పటికీ మా వాళ్లు దండ వేస్తారు. వేయాలి కూడా. ఆకలి తీర్చినవాడిని, ఇన్నేళ్ల తర్వాత మనకి షుగర్ వచ్చిందని తప్పు పట్టడం న్యాయం కాదు.

ఇక్కడే నాకు తెలియని ఒక పాత కథ బయటపడింది. శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి, గుంటూరు, వీటిని ఉత్తర సర్కార్లు అనేవారని మనం బళ్లో చదువుకున్నాం. ఈ సర్కార్ల తీరం కంపెనీ వైద్యులకి ఒక జబ్బు వల్ల బాగా తెలుసట. దాని పేరు బెరిబెరి. కాళ్లు తిమ్మిరెక్కి, పట్టు తప్పి, ఒళ్లు నీరు పట్టి, చివరికి గుండె ఆగిపోయే జబ్బు. మద్రాసు సైన్యంలో డాక్టరుగా పనిచేసిన మాల్కమ్‌సన్ 1835లో దీని మీద ఒక పుస్తకమే రాశాడు. దేశంలో ఇన్ని చోట్లుండగా ఈ తీరానికే ఈ జబ్బు ఎందుకు అంటుకుందో ఆయనకి అంతు చిక్కలేదు. అప్పటికి ప్రపంచంలో ఎవరికీ తెలీదు.

తెలిసింది కోళ్ల వల్ల. 1890ల్లో జావా దీవిలో ఐక్‌మన్ అనే డచ్చి డాక్టరు, బాగా పాలిష్ పట్టిన బియ్యం తిన్న కోళ్లకి కాళ్లు పడిపోవడం, తవుడు కలిపి పెడితే మళ్లీ లేచి తిరగడం గమనించాడు. 1929లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది కూడా. మన దేశంలో 1918లో మెక్‌కారిసన్ అనే డాక్టరు నీలగిరి కొండల్లోని కూనూరులో బెరిబెరి మీద పరిశోధనకి ఒక చిన్న విభాగం పెట్టాడు. అదే పెరిగి పెరిగి, 1958లో హైదరాబాదుకి మారి, ఇప్పుడు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అయింది. మనం రోజూ వార్తల్లో "ఎన్ఐఎన్ వాళ్లు చెప్పారు" అని వింటామే, దాని పుట్టుకకి కారణం తెల్లబియ్యం తెచ్చిన ఈ జబ్బే.

ఆ కూనూరు వాళ్లు తర్వాత తేల్చింది ఇదీ. మద్రాసు రాజధానిలో మిగతా చోట్ల ఎక్కువమంది ఉప్పుడు బియ్యం తింటారు. ధాన్యాన్ని ముందు నానబెట్టి ఉడికించి ఆరబెట్టడం వల్ల పై పొరల్లో ఉన్న సత్తువ గింజ లోపలికి దిగుతుంది. తర్వాత మిల్లాడించినా అంతా పోదు. మన సర్కార్ల వాళ్లు మాత్రం పచ్చిబియ్యం తింటారు, దాన్నీ తెల్లగా వచ్చేదాకా ఆడించి, నాలుగుసార్లు కడిగి, గంజి వార్చి తింటారు. తవుడుతో కొంత, కడుగుతో కొంత, గంజితో మిగతాది పోయేది. (భీమవరంలో 1895లో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఎక్కడో అమెరికాలో ఆ విటమిన్ల కుటుంబంలోదే అయిన ఫోలిక్ ఆసిడ్ మీద పనిచేశారంటే నాకు భలే గర్వంగా ఉంటుంది.)

బెరిబెరి వేరు, షుగర్ వేరు. బెరిబెరి ఇప్పుడు మన ఇళ్లలో కనపడదు. కానీ రెండు కథల్లోనూ ఆ తెల్లన్నం కంచమే ఉంది. పీచు, సత్తువ ఉన్న పొరలన్నీ పోయి పిండి ఒక్కటే మిగిలిన గింజ తొందరగా అరుగుతుంది, తొందరగా రక్తంలో చక్కెర అవుతుంది. పక్కన పప్పు, కూర బాగా ఉంటే ఆ జోరు కాస్త తగ్గుతుంది. లేనివాళ్ల కంచంలో అన్నం కొండంత, కూర గోరంత ఉంటుంది.

మరి ఆ తవుడు ఎటు పోయింది? అమ్మమ్మల కాలంలో రోట్లో దంచినప్పుడు సగం గింజకే అంటుకుని ఉండేది, చిట్టూ తవుడూ పెరట్లో గేదెకి వెళ్లేవి. మిల్లు వచ్చాక మొత్తం మిల్లులోనే ఆగిపోయింది. తాడేపల్లిగూడెం, తణుకు, ఏలూరు చుట్టూ ఎన్ని మిల్లులున్నాయో రైల్లో పోయేటప్పుడు గొట్టాలు చూస్తేనే తెలుస్తుంది. ఆ తవుడులోంచి నూనె తీస్తారు. గుండెకి మంచిదని రాసిన ప్యాకెట్లలో దాన్ని మనమే మళ్లీ కొనుక్కుంటాం. నూనె తీసిన తవుడు లారీలెక్కి కొల్లేరు చుట్టూ ఉన్న చేపల చెరువులకి వెళ్తుంది. కైకలూరు, ఆకివీడు వైపు వెళ్తే చెరువులో కర్రలకి సంచులు వేలాడుతుంటాయి చూడండి, వాటి నిండా తవుడే. ఆ తవుడు తిని పెరిగిన శీలావతి, బొచ్చె చేపలు ఐసు పెట్టెల్లో బెంగాల్‌కీ అస్సాంకీ వెళ్లిపోతాయి. ఉప్పుడు బియ్యం కథ కూడా అంతే. ఇక్కడే పండించి, ఇక్కడి మిల్లుల్లోనే ఉడకబెట్టి కేరళకి పంపిస్తాం. మనకి మాత్రం "వాసనొస్తుంది" అని నచ్చదు.

కొల్లేరు సంగతి ఇంకా ఉంది. బుడమేరు, తమ్మిలేరు వచ్చి కలిసే ఆ సరస్సులో కొర్రమేను, జెల్ల, పరిగెలు లాంటి నాటు చేపలు పుష్కలంగా ఉండేవట. లంక గ్రామాల వాళ్లకే కాదు, గంపలతో నెత్తిన పెట్టుకుని అమ్మేవాళ్ల వల్ల ఏలూరు పేదవాళ్లకీ అవి అందేవి. 1970ల తర్వాత సరస్సులోకి చెరువులు పెరుగుతూ పోయాయి. 1999లో అయిదో కాంటూరు దాకా అభయారణ్యం అన్నారు, 2002లో రాంసర్ గుర్తింపు వచ్చింది, 2005-06లో 'ఆపరేషన్ కొల్లేరు' అని గట్లు పగలగొట్టారు. ఎవరిది తప్పో తేల్చే శక్తి నాకు లేదు. చవకగా దొరికే చిన్న చేప కంచంలోంచి తగ్గిపోయింది, వంటింట్లో నాకు కనపడే నష్టం అది.

మళ్లీ బియ్యానికి వద్దాం. 1967లో ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు గారు ఐఆర్-8 వేసి పెద్ద పేరు తెచ్చుకున్నారు. 1982లో మన మార్టేరు పరిశోధనా కేంద్రం నుంచి స్వర్ణ, అదే ఎంటీయూ 7029, బయటికి వచ్చి దేశమంతా పాకింది. మరుసటి ఏడాది, 1983లో, ఎన్.టి.రామారావు గారి రెండు రూపాయలకి కిలో బియ్యం. జొన్న తిన్నవాళ్లు, గంజి తాగినవాళ్లు మొదటిసారి రోజూ కడుపునిండా వరన్నం తిన్నారు. అత్తయ్యగారి నాన్నగారి మాట గుర్తు పెట్టుకోమన్నది ఇందుకే. తెల్లన్నం మన వాళ్లకి మర్యాద. టీవీలో ఎవరో వచ్చి "పాతకాలం తిండికి వెళ్లిపోండి" అని సులువుగా అంటుంటే నాకు ఒళ్లు మండుతుంది. పాతకాలంలో అది ఎంచుకుని తిన్నది కాదు, గతిలేక తిన్నది. మా అత్తయ్యగారి ముందు జొన్నరొట్టె పెడితే "మళ్లీ ఈ రోజులొచ్చాయా" అన్నట్టు చూస్తారు.

అన్నం పెరిగిన ఆ రోజుల్లోనే పని తగ్గింది. రోలు పోయి మిక్సీ వచ్చింది, నాగలి పోయి ట్రాక్టరు వచ్చింది, కాలవ గట్టు మీద నడక పోయి ఆటో వచ్చింది. పొలం పనికి సరిపడా తినే అలవాటు మాత్రం ఉండిపోయింది. ఆ తర్వాత ఫలితం అంకెల్లో కనపడింది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్, బైర్రాజు ఫౌండేషన్ కలిసి ఉభయ గోదావరి జిల్లాల్లో 20 పల్లెల్లో పరీక్షలు చేశాయి. 2006లో వచ్చిన ఆ వివరాల ప్రకారం ముప్పై దాటినవాళ్లలో నూటికి 13 మందికి షుగర్. అందులో సగం మందికి ఉన్నట్టే తెలీదు. ఇవి పట్నాలు కావండీ, పల్లెలు. డబ్బున్నవాళ్ల జబ్బు అనే మాట అక్కడితో పోయింది.

ఇక మా వంటింటి సంగతి. కొర్రలు, అండుకొర్రలు మాకు అందే ధరలో లేవు. సన్నబియ్యం కన్నా బాగా ఎక్కువ. 'డయాబెటిక్' అని రాసిన పిండి ప్యాకెట్లు అసలే కాదు. రాగిజావ మంచిదని గ్లాసులకి గ్లాసులు తాగేవాళ్లుంటారు. మెత్తటి పిండి జావ కాస్తే అదీ తొందరగానే అరిగిపోతుంది, అన్నం మానేసి దీన్ని తాగితే ఒరిగేది తక్కువ. అన్నం మానకుండా కొలత తగ్గించుకోవడమే మాకు కుదిరింది. అత్తయ్యగారి పాత లెక్క మనిషికి పూటకి అర సోల బియ్యం. ఇప్పుడు గిద్దెడు, అంటే అందులో సగం. ఆ ఖాళీలోకి కంచంలో ముందుగా కూర, తర్వాత పప్పు వస్తాయి, అన్నం ఆఖర్న. ఒక్కసారిగా తగ్గించలేదు, నాలుగు నెలలు పట్టింది. షుగర్ బిళ్లలు వేసుకునేవాళ్లు అన్నం తగ్గించే ముందు డాక్టరుకి చెప్పాలి, లేకపోతే షుగర్ పడిపోయి చెమటలు పట్టి కళ్లు తిరుగుతాయి. శనివారం ఒంటిపూట కూడా ఆవిడ చేత మాన్పించాను. అది మాత్రం చిన్న యుద్ధమే.

బియ్యం విషయంలో మా వీధిలో ఒక వింత ఉంది. రేషన్ లావు బియ్యం చవగ్గా అమ్మేసి, డబ్బు కలిపి సన్నబియ్యం కొంటారు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ, ఆస్ట్రేలియా వాళ్లు కలిసి 2011లో 235 రకాల బియ్యం పరీక్షించారు. చక్కెర పెంచే వేగాన్ని కొలిచే గ్లైసీమిక్ ఇండెక్స్ రకాన్ని బట్టి 48 నుంచి 92 దాకా ఉందట. తక్కువ ఉన్నవాటిలో మన మార్టేరు స్వర్ణ ఉంది. అలాగని స్వర్ణ మందు కాదు, కొండంత తింటే ఏ బియ్యమైనా ఒకటే. కానీ లావు బియ్యం అంటే నామోషీ పడాల్సిన పనిలేదు. నేను మిల్లు దగ్గర ఒక్క పట్టు తక్కువ పాలిష్‌తో స్వర్ణ ఆడించుకుంటాను. వండే ముందు గంట నానబెడితే అత్తయ్యగారి పళ్లకీ ఇబ్బంది లేదు.

పప్పుల్లో కందిపప్పు ధర మన చేతిలో లేదు. ఉలవలు, బొబ్బర్లు, పెసలు ఉన్నాయి. ఉలవలు ఉడకబెట్టి ఎడ్లకి పెట్టి, ఆ నీళ్లతో మనం చారు కాచుకున్న చరిత్ర మనది. హోటళ్లలో ఇప్పుడు ఆ చారులో వెన్న వేసి అమ్ముతున్నారు. నేను చారు కాచి, ఉలవల్ని ఉల్లిపాయ, పచ్చిమిర్చితో గుగ్గిళ్లు చేస్తాను. ఉల్లిపాయలు తాడేపల్లిగూడెం హోల్‌సేల్ మార్కెట్ నుంచి మా మరిది నెలకోసారి బస్తా తెస్తాడు, రెండిళ్లం పంచుకుంటాం. మునగాకు, తోటకూర పెరటివి. వారానికి రెండుసార్లు చిన్న చేపలు పులుసు, వేపుడు మాత్రం కాదు. బిళ్లలకి మా తోటికోడలు వాళ్ల ఊళ్లో 104 బండి వచ్చే రోజు చూసుకుంటుంది, మేం ఇక్కడ జనరిక్ కొట్లో కొంటాం.

అత్తయ్యగారి మూడు నెలల పరీక్ష క్రితం ఏడాది 9.4, ఈ మధ్య చేయిస్తే 7.8. డాక్టరు గారు ఇంకా తగ్గాలన్నారు. ఆవిడ మాత్రం గిద్దెడు అన్నం ఉన్న కంచం చూసి "మా నాన్న చూస్తే ఊరుకునేవాడు కాదే" అంటూనే ముందు ఉలవ గుగ్గిళ్లు చేతిలోకి తీసుకుంటున్నారు.