ఆకలి కేంద్రం కోసం అన్వేషణ

ఆకలి కడుపులో పుడుతుందని మనం అనుకుంటాం. 1912లో అమెరికన్ శరీరక్రియా శాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ కూడా జీర్ణాశయ సంకోచాలే ఆకలికి కారణమని చెప్పాడు. అయితే జబ్బు వల్ల జీర్ణాశయం తీసివేసిన వారికీ ఆకలి వేస్తుంది. మరి దాని స్థానం ఎక్కడ?

1940లో హెదరింగ్టన్, రాన్సన్ అనే శాస్త్రజ్ఞులు ఎలుకల మెదడు అడుగున ఉండే హైపోథాలమస్‌లో మధ్యభాగాన్ని దెబ్బతీశారు. ఆ ఎలుకలు విపరీతంగా లావెక్కాయి. 1951లో భారతీయ శాస్త్రజ్ఞుడు బాలకృష్ణ ఆనంద్, అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో జాన్ బ్రోబెక్‌తో కలిసి అదే హైపోథాలమస్ పక్కభాగాలను పరిశీలించారు. రెండువైపులా చిన్న ప్రదేశాలను నాశనం చేస్తే, ఎదురుగా ఆహారం ఉన్నా ఎలుకలు ముట్టలేదు. దీనితో మధ్యభాగం తృప్తి కేంద్రమని, పక్కభాగం ఆకలి కేంద్రమని పేర్లు స్థిరపడ్డాయి. తరువాత ఆనంద్ ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో పరిశోధన కొనసాగించారు. రక్తంలో గ్లూకోజ్ పెరిగితే తృప్తి కేంద్రం చురుకుదేరుతుందని, ఆకలి కేంద్రం మందగిస్తుందని 1962లో ఆయన బృందం ప్రకటించింది.

కానీ గ్లూకోజ్ పూటపూటకూ మారుతుంది. శరీరంలో నిలవ ఉన్న కొవ్వు ఎంతో మెదడుకు తెలిసేదెలా? కొవ్వు నుంచే ఏదో సంకేతం అందుతూ ఉండాలని 1953లో బ్రిటన్‌కు చెందిన కెన్నడీ ఊహించాడు. పుట్టుకతోనే స్థూలకాయులైన ఎలుకల రక్తప్రసరణను మామూలు ఎలుకలతో కలిపి డగ్లస్ కోల్మన్ ఆ ఊహకు బలం చేకూర్చాడు. ఒక రకం ఎలుకల్లో సంకేతం లేదని, మరో రకంలో సంకేతం ఉన్నా దాన్ని గ్రహించే ఏర్పాటు లేదని 1973 నాటికి తేల్చాడు. 1994లో జెఫ్రీ ఫ్రీడ్మన్ బృందం సంబంధిత జన్యువును కనుగొంది. కొవ్వు కణాలు విడుదల చేసే ఆ హార్మోనుకు లెప్టిన్ అని పేరు పెట్టారు.

మనుషుల్లో దీని ప్రాధాన్యం 1997లో బయటపడింది. బ్రిటన్‌లో పాకిస్తానీ మూలాలున్న ఒక కుటుంబంలో ఎనిమిదేళ్ల పాప 86 కిలోలు తూగేది. ఎంత తిన్నా ఆకలి తీరేది కాదు. కారణం లెప్టిన్ లోపం. ఇంజెక్షన్లతో ఈ లోపాన్ని సరిచేస్తే ఆకలి అదుపులోకి వచ్చి బరువు తగ్గుతుందని 1999లో రుజువైంది.

ఇటువంటి లోపం చాలా అరుదు. సాధారణ స్థూలకాయుల్లో లెప్టిన్ తక్కువ కాదు, ఎక్కువే. మెదడు దానికి తగినట్లు స్పందించదు. పైగా బరువు తగ్గినప్పుడు లెప్టిన్ పడిపోతుంది. దాన్ని మెదడు కరువుగా భావించి ఆకలి పెంచుతుంది, శక్తి ఖర్చును తగ్గిస్తుంది. కష్టపడి తగ్గించిన బరువు మళ్లీ పెరగడానికి ఇదొక ముఖ్య కారణం.

నేటి పరిజ్ఞానం ప్రకారం ఆకలికి ఒకే కేంద్రం లేదు. అనేక నాడీకణ సమూహాలు కలిసి పనిచేస్తాయి. ఆహారపు అలవాట్లు, వ్యాయామం తప్పక ముఖ్యమైనవే. కానీ లావుగా ఉన్నవారిని తిండిపోతులని నిందించడానికి శాస్త్రంలో ఆధారం లేదు. వారికి కావలసింది వైద్యం, సహకారం.