ఒకే మాట మీద ఉన్నవాళ్ళే కొట్టుకుంటే: 1968 అమెరికా ప్రైమరీ కథ

ఈరోజు ఎపిసోడ్ అమెరికా గురించి. కానీ మా ఊరి నుంచి మొదలుపెడతాను.

మా పెదనాన్న, మా పక్కింటి మామయ్య, ఇద్దరిదీ ఒకే పార్టీ. జెండా ఒకటే, కండువా ఒకటే. పొద్దున్నే ఒకే టీ కొట్టు దగ్గర ఒకే పేపర్ పంచుకుని చదివేవాళ్ళు. ఒకసారి ఎన్నికల ముందు మా నియోజకవర్గంలో ఆ పార్టీ టికెట్‌కి ఇద్దరు ఆశావహులు బయల్దేరారు. పెదనాన్న ఒకాయన వైపు, మామయ్య ఇంకొకాయన వైపు. మూడు నెలలు ఊళ్ళో ఒకటే గొడవ. అవతలి పార్టీని తిట్టడం మానేసి వీళ్ళని వీళ్ళే తిట్టుకున్నారు. చివరికి బీ ఫారం ఎవరికొచ్చిందో తెలుసా? ఇద్దరికీ రాలేదు, మూడో ఆయనకి వచ్చింది. పెదనాన్న, మామయ్య మాత్రం ఇప్పటికీ మాట్లాడుకోరు.

1968 అమెరికా గురించి చదువుతుంటే నాకు వీళ్ళిద్దరే గుర్తొచ్చారు. అక్కడా ఇలాగే జరిగింది. కాకపోతే అక్కడ తేలాల్సింది ఒక ఎమ్మెల్యే సీటు కాదు, ఒక యుద్ధం ఆగుతుందా లేదా అన్నది.

ముందు ఒక్క విషయం అర్థం చేసుకోవాలి. మన దగ్గర టికెట్ ఎవరికో హైకమాండ్ చెప్తుంది. అమెరికాలో పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చడానికి ప్రైమరీ అని ఒక ఎన్నిక పెడతారు. అంటే మామూలు ఓటర్లే ఓటేసి చెప్తారు. ఇది ఇప్పటి పద్ధతి. 1968లో అలా లేదు. ప్రైమరీలు జరిగినవి దాదాపు పదిహేను చోట్లే. మిగతా రాష్ట్రాల్లో డెలిగేట్లని, అంటే పార్టీ ప్రతినిధుల్ని, ఎక్కువగా స్థానిక నాయకులే తమ చేతిలో పెట్టుకునేవాళ్ళు. వాళ్ళంతా ఆగస్టులో మహాసభకి వెళ్ళి అభ్యర్థిని ఎన్నుకుంటారు. అప్పటి డెమొక్రటిక్ పార్టీలో గెలవాలంటే 1,312 డెలిగేట్ ఓట్లు కావాలి. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

ఇప్పుడు 1968లోకి వెళ్దాం. అధ్యక్షుడు లిండన్ జాన్సన్, డెమొక్రటిక్ పార్టీ. వియత్నాంలో సుమారు 5 లక్షల మంది అమెరికా సైనికులున్నారు. 18 ఏళ్ళు నిండిన కుర్రాడిని సైన్యంలోకి పిలవొచ్చు, కానీ చాలా రాష్ట్రాల్లో ఓటు హక్కు 21 ఏళ్ళకే. (మన దగ్గర కూడా 1989 దాకా 21 ఏళ్ళే, ఆ తర్వాతే 18 అయింది.) అంటే యుద్ధానికి వెళ్ళి చావడానికి వయసు సరిపోతుంది, ఆ యుద్ధం వద్దని ఓటెయ్యడానికి సరిపోదు. ఆ వయసు కుర్రాళ్ళ కోపం ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి.

వాళ్ళకి ఒక నాయకుడు కావాలి. సొంత పార్టీ అధ్యక్షుడి మీదే పోటీ చేసే ధైర్యం ఎవరికుంది? మొదట అందరూ చూసింది రాబర్ట్ కెన్నెడీ వైపు. హత్యకి గురైన జాన్ కెన్నెడీకి తమ్ముడు, న్యూయార్క్ సెనేటర్. ఆయన యుద్ధాన్ని విమర్శిస్తున్నాడు కానీ పోటీకి మాత్రం ఒప్పుకోలేదు. తను దిగితే జాన్సన్ మీద సొంత పగ తీర్చుకుంటున్నాడంటారని, పార్టీ చీలుతుందని వెనకాడాడు.

ఒప్పుకున్నది ఇంకొకాయన. మిన్నెసోటా సెనేటర్ యూజీన్ మెకార్థీ. (1950ల్లో కమ్యూనిస్టుల వేట నడిపిన జోసెఫ్ మెకార్థీ వేరు, కలపకండి.) ఈయన నెమ్మదస్తుడు, కవిత్వం రాసే మనిషి. 1967 నవంబర్ 30న బరిలోకి దిగాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, కాలేజీ పిల్లలు తప్ప.

ఆ పిల్లలు మామూలుగా పనిచెయ్యలేదండీ. మంచు కురుస్తున్న న్యూ హాంప్‌షైర్‌లో ఇల్లిల్లూ తిరిగారు. పల్లెటూరి పెద్దవాళ్ళు తమని చూసి తలుపు వేసుకోకూడదని పొడుగు జుట్టు కత్తిరించుకున్నారు, గడ్డాలు తీసేశారు. దానికి "క్లీన్ ఫర్ జీన్" అని పేరు. జీన్ అంటే యూజీన్ ముద్దుపేరు. మార్చి 12న ఫలితం వచ్చింది. జాన్సన్‌కి దాదాపు 50 శాతం, మెకార్థీకి 42 శాతం. లెక్కప్రకారం జాన్సన్‌దే గెలుపు. కానీ కుర్చీలో ఉన్న అధ్యక్షుడికి అంత దగ్గరగా రావడమే పెద్ద దెబ్బ. పైగా ఆ రాష్ట్రంలోని 24 మంది డెలిగేట్లలో 20 మంది మెకార్థీ వైపే వచ్చారు.

పిల్లల సంబరం నాలుగు రోజులు. మార్చి 16న రాబర్ట్ కెన్నెడీ ప్రకటించాడు: నేనూ పోటీ చేస్తున్నాను అని.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మీరు ఆ న్యూ హాంప్‌షైర్ మంచులో తిరిగిన కుర్రాడో, అమ్మాయో అనుకోండి. మేం అడిగినప్పుడు రాలేదు, భయపడ్డావు. మేం కష్టపడి దారి వేశాక, అధ్యక్షుడు ఓడించదగ్గ మనిషే అని తేలాక, ఇప్పుడొచ్చి ముందు సీట్లో కూర్చుంటావా? వాళ్ళకి ఒళ్ళు మండింది. అవకాశవాది అన్నారు, జాలిలేని మనిషి అన్నారు. నిజం చెప్పాలంటే నేనున్నా అదే అనేవాణ్ణి.

ఇప్పుడు అవతలి వైపు నిలబడి చూద్దాం. కెన్నెడీ అభిమానులు ఏమనేవాళ్ళంటే: మీ ఆయన మంచివాడే, కానీ గెలుస్తాడా? ఆయన మాట కాలేజీ క్యాంపస్‌లు దాటి ఎవరికి చేరుతోంది? యుద్ధానికి ఎక్కువగా వెళ్తున్నది పేదింటి పిల్లలు, నల్లజాతి పిల్లలు. వాళ్ళ వాడల్లోకి వెళ్తే జనం చెయ్యి పట్టుకుని లాగేసేది కెన్నెడీనే. కాలిఫోర్నియా పొలాల్లో కూలీల సంఘం నడిపిన సీజర్ చావెజ్ కెన్నెడీ పక్కన నిలబడ్డాడు. ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చి చంపిన రాత్రి, ఇండియానాపొలిస్‌లో నల్లజాతి జనం మధ్యకి వెళ్ళి ఆ వార్త చెప్పి, వాళ్ళతో పాటు బాధపడింది కెన్నెడీ. ఇదీ నిజమే.

చూశారా, రెండు వైపులా పాయింట్ ఉంది. ఒకళ్ళది "ముందు ఎవరొచ్చారు" అన్న ప్రశ్న. ఇంకొకళ్ళది "ఎవరైతే గెలవగలరు" అన్న ప్రశ్న. ఈ రెండు ప్రశ్నలూ ఒకదానికొకటి జవాబు కావు. అందుకే ఎంత వాదించినా తెగలేదు.

మార్చి 31న ఇంకో పెద్ద వార్త వచ్చింది. జాన్సన్ టీవీలోకి వచ్చి, నేను మళ్ళీ పోటీ చెయ్యను అని చెప్పేశాడు. అంటే ఈ రెండు వర్గాలూ ఎవరిని దించాలనుకున్నారో ఆయన దిగిపోయాడు. ఇక కలిసిపోవచ్చు కదా అంటారా? అప్పటి నుంచే గొడవ ఇంకా ముదిరింది. ఎందుకంటే ఇప్పుడు ఎదురుగా కనిపించేది ఒకళ్ళకొకళ్ళే.

మే 7న ఇండియానా, మే 14న నెబ్రాస్కా. రెండూ కెన్నెడీ గెలిచాడు. మే 28న ఒరెగాన్‌లో మెకార్థీ గెలిచాడు. కెన్నెడీ అన్నదమ్ముల్లో ఎవరైనా ఓటర్ల చేతిలో ఓడిపోవడం అదే మొదటిసారి. ఆ ప్రచారంలోనే మెకార్థీ ఒక మాటన్నాడు. చదువుకున్నవాళ్ళు నాకు ఓటేస్తున్నారు, అంతగా చదువుకోనివాళ్ళు ఆయనకి వేస్తున్నారు అన్న అర్థం వచ్చేలా. అంటే ఇప్పుడు విమర్శ అభ్యర్థిని దాటి ఆయనకి ఓటేసేవాళ్ళ మీదకి వెళ్ళిపోయింది. కెన్నెడీ కూడా తక్కువ తినలేదు. జూన్ 1న టీవీ డిబేట్‌లో, మెకార్థీ పదివేల మంది నల్లజాతి వాళ్ళని తీసుకెళ్ళి ఆరెంజ్ కౌంటీలో పెడతానంటున్నాడని అన్నాడు. ఆరెంజ్ కౌంటీ అంటే అప్పట్లో తెల్లవాళ్ళు ఎక్కువగా ఉండే ప్రాంతం. అక్కడి ఓటర్ల భయాన్ని రెచ్చగొట్టే మాట అది. మెకార్థీ వర్గం దాన్ని క్షమించలేదు.

అభ్యర్థి నచ్చకపోతే రేపు మనసు మార్చుకోవచ్చు. కానీ నిన్ను చదువురానివాడన్న మనిషితో, లేదా మోసగాడి భక్తుడన్న మనిషితో రేపు కలిసి పనిచెయ్యడం కష్టం.

మరి ఈ రెండు నెలల్లో మూడో మనిషి ఏం చేస్తున్నాడు? ఉపాధ్యక్షుడు హ్యూబర్ట్ హంఫ్రీ ఏప్రిల్ 27న బరిలోకి దిగాడు. యుద్ధం విషయంలో జాన్సన్ గీసిన గీత దాటలేని పరిస్థితి ఆయనది. ఒక్క ప్రైమరీలో కూడా ప్రచారం చెయ్యలేదు. ఇల్లిల్లూ తిరగలేదు. ప్రైమరీలు లేని రాష్ట్రాల నాయకులతో, యూనియన్ పెద్దలతో మాట్లాడుకుంటూ నిశ్శబ్దంగా డెలిగేట్లని పోగేశాడు. వీళ్ళిద్దరూ ఒరెగాన్ కోసం కొట్టుకుంటుంటే ఆయన లెక్క పెరుగుతూ పోయింది.

జూన్ 4, కాలిఫోర్నియా. కెన్నెడీకి 46 శాతం, మెకార్థీకి 42 శాతం. లాస్ ఏంజెలెస్‌లోని అంబాసిడర్ హోటల్లో కెన్నెడీ విజయోత్సవ ప్రసంగం చేసి, అర్ధరాత్రి దాటాక వంటగది దారిలో బయటికి వెళ్తుండగా ఆయన మీద కాల్పులు జరిగాయి. జూన్ 6న చనిపోయాడు. వయసు 42.

ఇప్పుడైనా, అంత ఘోరం జరిగాకైనా, రెండు వర్గాలూ ఒకటైపోయాయా? లేదు. మెకార్థీ తనలోకి తాను ముడుచుకుపోయాడు, కెన్నెడీ వాళ్ళని దగ్గరికి తీసుకునే ప్రయత్నం గట్టిగా చెయ్యలేదు. కెన్నెడీ మనుషుల్లో చాలామందికి మెకార్థీ దగ్గరికి వెళ్ళడానికి కాళ్ళు రాలేదు. ఆగస్టు 10న సెనేటర్ జార్జ్ మెక్‌గవర్న్ బరిలోకి వస్తే కొందరు ఆయన వెనక చేరారు. కొందరు హంఫ్రీ వైపు వెళ్ళిపోయారు. ఆగస్టు చివర్లో షికాగో మహాసభలో, కెన్నెడీల చిన్న తమ్ముడు టెడ్ కోసం తాను తప్పుకోవడానికి మెకార్థీ ముందుకొచ్చాడు. వస్తూనే, ఈ పని రాబర్ట్ కోసం అయితే చేసేవాణ్ణి కాను అని కూడా అన్నాడు. మనిషి పోయి మూడు నెలలు కాలేదు, పాత పుండు ఇంకా మానలేదు. టెడ్ ఎలాగూ నిలబడలేదు.

ఆ మహాసభలో యుద్ధం ఆపాలనే తీర్మానం ఒకటి ఓటింగ్‌కి వచ్చింది. అక్కడ మాత్రం మెకార్థీ, కెన్నెడీ, మెక్‌గవర్న్ మనుషులంతా ఒకే వైపు ఓటేశారు. తీర్మానానికి 1,041 ఓట్లు, వ్యతిరేకంగా దాదాపు 1,568. ఓడిపోయింది. టికెట్ హంఫ్రీకే, దాదాపు 1,760 ఓట్లతో. మెకార్థీకి 601. ప్రైమరీల్లో పడిన మొత్తం ఓట్లలో మూడింట రెండు వంతులకి పైగా మెకార్థీ, కెన్నెడీలకే పడ్డాయని మర్చిపోకండి. ఆ రాత్రి బయట వీధుల్లో పోలీసులు నిరసనకారుల్ని లాఠీలతో చితకబాదుతుంటే దేశమంతా టీవీలో చూసింది.

నవంబర్‌లో హంఫ్రీ మీద రిచర్డ్ నిక్సన్ గెలిచాడు. ప్రజల ఓట్లలో తేడా 1 శాతం కూడా లేదు. సుమారు 5 లక్షల ఓట్లు. మెకార్థీ, హంఫ్రీకి మద్దతు ప్రకటించింది అక్టోబర్ 29న, పోలింగ్‌కి వారం ముందు, అదీ అయిష్టంగానే. యుద్ధం నిక్సన్ హయాంలో ఇంకా ఏళ్ళు సాగింది. ఆ కాలంలో మరో 20 వేల మందికి పైగా అమెరికా సైనికులు చనిపోయారు. వియత్నాం వాళ్ళ ప్రాణాల లెక్క అంతకి ఎన్నో రెట్లు.

ఇక్కడ నేను నిజాయితీగా ఒక మాట చెప్పాలి. వీళ్ళిద్దరూ ముందే కలిసుంటే యుద్ధం ఆగిపోయేదని నేను అనను. 1,041కి ఇంకొన్ని కలిసినా 1,312 అయ్యేదో లేదో. అప్పటి నిబంధనలే నాయకుల చేతిలో ఉన్నాయి. నా బాధ అదే. రెండు వర్గాలూ ఒకళ్ళ నిజాయితీ మీద ఇంకొకళ్ళు పరీక్షలు పెట్టుకున్నారు కానీ, అసలు టికెట్ ఇచ్చే చెయ్యి ఎక్కడుందో ఆ చేతి వైపు కలిసి చూసింది చాలా ఆలస్యంగా.

చూశాక మాత్రం పని జరిగింది. షికాగోలోనే ఆ నిబంధనల మీద గొడవ పెట్టారు. 1969లో మెక్‌గవర్న్ అధ్యక్షతన ఒక కమిషన్ ఏర్పడింది. డెలిగేట్లని గదుల్లో కూర్చుని తేల్చే పద్ధతి పోయి, 1972 నుంచి ప్రైమరీలు ఎక్కువయ్యాయి. 1971లో రాజ్యాంగ సవరణతో 18 ఏళ్ళవాళ్ళకి ఓటు వచ్చింది. ఈరోజు అమెరికాలో ప్రైమరీ ఓటుకి ఇంత విలువ ఉందంటే, అది 1968లో ఓడిపోయినవాళ్ళు తెచ్చినదే.

పోయిన పండక్కి ఊరెళ్ళినప్పుడు ఈ కథ మా పెదనాన్నకి చెప్పాను. అంతా విన్నారు. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అయితే ఆ మూడో ఆయన అసలు ప్రచారమే చెయ్యలేదంటావా?" అని అడిగారు. చెయ్యలేదు పెదనాన్నా అన్నాను. పక్కింటి వైపు ఒకసారి చూశారు. లేచి వెళ్తారేమో అనుకున్నాను. వెళ్ళలేదు.

మీ ఇళ్ళల్లో, మీ ఫ్రెండ్స్‌లో ఇలా ఒకే వైపు ఉండి విడిపోయినవాళ్ళున్నారా? ఉంటే కామెంట్లలో రాయండి, పేర్లు వద్దు. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.