కరువుసీమలో మేఘవీక్షణం: ఒక పునఃపరిశీలన

కరువు నేలలో జనం ఆకాశం వైపు చూసేది వాన కోసమేననీ, మబ్బుల అందాన్ని ఆస్వాదించే అలవాటు కెమెరా వెంట బయటినుంచి వచ్చిందనీ ఒక అభిప్రాయం స్థిరపడింది. పశ్చిమ కనుమల వాననీడలో ఉండి, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షంతో సరిపెట్టుకునే సోమందేపల్లె, పెనుకొండ ప్రాంతాలకు దీన్ని మరింత ధీమాగా అన్వయిస్తారు. ఆధారాలు ఇందుకు అనుకూలంగా లేవు.

ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు మేఘం గర్భం ధరించిన 195 రోజులకు వర్షిస్తుందని లెక్క కట్టడం, 1802లో ల్యూక్ హోవర్డ్ మబ్బులను ఆకారాన్నిబట్టి వర్గీకరించడం, 1896లో అంతర్జాతీయ మేఘ చిత్రావళి వెలువడడం అందరికీ తెలిసినవే. అయితే వరాహమిహిరుడి బృహత్సంహిత సంధ్యారాగానికీ, పరివేషానికీ, ఇంద్రధనుస్సుకూ వేర్వేరు అధ్యాయాలు కేటాయించిందన్న సంగతిని పై అభిప్రాయం గలవారు పట్టించుకోరు.

అసలు వివాదం 1850 తరువాతి అర్ధశతాబ్దానిది. ఆనాటి ఛాయాచిత్రాల్లో కోటలు, గోపురాలు స్పష్టంగా ఉండి ఆకాశం మాత్రం బోసిగా కనిపించడాన్ని ఆసక్తి లేమికి గుర్తుగా చెబుతారు. దానికి కారణం రసాయనంలో ఉంది. గాజుపలకపై కొలోడియన్ పూసి తడి ఆరకముందే చిత్రం తీసే నాటి పద్ధతిలో, పలక ప్రధానంగా నీలి, ఊదా కాంతులకే స్పందించేది కనుక, నీలాకాశమూ తెల్లమబ్బూ తేడా లేకుండా కలిసిపోయేవి. 1873లో హెర్మాన్ ఫోగెల్ పలకకు రంగు ద్రవ్యం కలిపి దాన్ని ఆకుపచ్చ కాంతికీ స్పందింపజేశాకనే ఈ ఇబ్బంది తొలగడం మొదలైంది. అంతకుముందే, 1850లలో మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వ ఛాయాచిత్రకారుడిగా పనిచేసిన లినేయస్ ట్రైప్ కాగితపు నెగెటివ్‌లపై కుంచెతో మబ్బులు దిద్దేవాడు. ఆసక్తి లేనివాడు అంత శ్రమ పడడు. 1883లో క్రకటోవా అగ్నిపర్వతం పేలిన తరువాత మద్రాసులో సూర్యుడు ఆకుపచ్చగా కనిపించినప్పుడు, రంగును పట్టే పలక లేని ఆ రోజుల్లో, అక్కడి అధ్యాపకుడు మిచీ స్మిత్ కాంతిని విడదీసి చూపే వర్ణపటదర్శినితో పరిశీలించి, చూసినదాన్ని మాటల్లో నమోదు చేశాడు.

వీరిద్దరూ ఆంగ్లేయ పాలనలోని ఉద్యోగులూ, అధ్యాపకులూ కనుక వారి సాక్ష్యం పల్లెవాసులకు చెల్లదనే ఆక్షేపణ సమంజసమే. పల్లెల సాక్ష్యాన్ని సామెతల్లో వెతకాలి. చంద్రుడి చుట్టూ పట్టే వలయాన్ని వరదగుడి అంటారు. దూరపు గుడి దగ్గర వాననూ, దగ్గర గుడి దూరపు వాననూ సూచిస్తాయని నానుడి. దూరపు గుడి, అంటే పెద్ద వలయం, ఎత్తైన పలుచని మబ్బుల్లోని మంచు స్ఫటికాలవల్లా, చిన్నది నీటి బిందువులవల్లా ఏర్పడతాయి గనుక ఆ విభజనలో భౌతికసత్యం ఉంది, వాన జోస్యం మాత్రం తరచుగా తప్పుతుంది. జోస్యం తప్పుతున్నా తేడాను గుర్తుపెట్టుకున్న చూపును కేవలం అవసరానికి కుదించడం న్యాయం కాదు.

నేటి ఫోన్లు ఆకాశచిత్రణను అందరికీ అందుబాటులోకి తెచ్చాయి, అది నిజమైన మేలు. కానీ అవి రంగులను తమంతట తామే ముదురుచేస్తాయి. తీసేవారు కూడా ఎర్రటి సాయంత్రాలనే ఎంచుకుంటారు. ఆషాఢంలో పడమటి గాలికి చినుకు రాల్చకుండా పరుగెత్తే చెదురు మబ్బులే ఈ పీఠభూమికి ప్రత్యేకమైన దృశ్యం కాగా, వాటికి చిత్రాల్లో చోటు దక్కడం లేదు. దుమ్ము ఎక్కువైతే సంధ్యలు అందంగా ఉంటాయన్న నమ్మకమూ సరికాదు, నేలదగ్గరి దుమ్ము రంగులను మసకబారుస్తుంది. ఏ కార్తెలో, ఏ దిక్కున, ఏ వేళ తీసినదో రాసి ఉంచని ఈ చిత్రాలు ఎన్ని పోగుపడినా, సీమ ఆకాశచరిత్రకు ఆధారంగా పనికిరావడం కష్టం.