తలారి చేసిన పని

మా తాత ఉదయగిరి తాలూకాలో, వెలిగొండల కిందున్న ఒక మెట్ట ఊరికి తలారి. ఆయన తండ్రీ తలారే. చేతికొచ్చే నాలుగు డబ్బులకన్నా తలారి మాన్యమే ఆ ఇంటికి ఆధారం. నేను ఆత్మకూరు కోర్టులో వకీలుని. క్రిమినాలజీ చదివిన పిలకాయలు వచ్చి "ఈ చదువుకి పోలీసు ఉద్యోగం తప్ప ఇంకేముంది సార్?" అని అడిగినప్పుడల్లా నాకు ముందు ఆయన పనులే గుర్తొస్తాయి.

రాత్రి గస్తీ తలారిదే. కొత్త మనిషి ఊళ్లోకొస్తే మునసబుకి చెప్పాలి. సిస్తు డబ్బు తాలూకా కచేరీకి పోతుంటే కర్ర పట్టుకుని వెంట నడవాలి. ఎవరైనా బావిలో పడో ఉరేసుకునో పోతే, మునసబు రాసిచ్చిన రిపోర్టు పట్టుకుని ఒకరు స్టేషనుకి నడిచేవాళ్లు. పోలీసులొచ్చి పంచనామా చేసేదాకా ఇంకొకరు శవం దగ్గర కూర్చోవాలి. ఎండాకాలంలో ఆ కాపలా ఎట్లా ఉండేదో మా నాయన చెప్పేవాడు: వేపమండతో ఈగలు తోలుతూ, కుక్కల్ని అదిలిస్తూ, తెల్లవార్లూ.

అన్నిటికన్నా పెద్ద విద్య అడుగుజాడ. దొంగతనం జరిగిందనగానే మా తాత ముందు జనాన్ని అవతలికి పంపి, జాడల మీద గంపలు బోర్లించేవాడట, పశువులు తొక్కి చెరపకుండా. ఆ తర్వాత నింపాదిగా వంగి చూసేవాడు. మడమ లోతుగా దిగితే మూట మోసుకుపోయాడని, వేళ్లే దిగితే పరిగెత్తాడని. జాడ పొలిమేర దాటితే పక్క ఊరి తలారిని పిలిచి అప్పజెప్పాలి. అక్కణ్ణించి దాన్ని ముందుకు తీసుకుపోవడమో, పోయిన సొత్తుకి జవాబు చెప్పడమో ఆ ఊరి పూచీ. పాత కావలి పద్ధతి అది. జాడ తీయడంలో యానాదుల్ని మించినవాళ్లు లేరని ఆయనే అనేవాడు. నెల్లూరు జిల్లాలో పొలాలకీ ఇళ్లకీ కాపలా వాళ్లే ఉండిన ఊళ్లు చాలా.

కుంఫిణీ ప్రభుత్వం ఈ పాత ఏర్పాటునే 1816లో చట్టానికెక్కించింది. ఆ ఏటి 4వ రెగ్యులేషన్ పది రూపాయల లోపు దావాలు తీర్చమని గ్రామ మునసబుకి చెప్పింది. 11వ రెగ్యులేషన్ పోలీసు అధికారం కూడా ఇచ్చింది. చిల్లర కొట్లాటకి 12 గంటల దాకా చావడిలో ఉంచొచ్చు. ఉదయగిరి అప్పటికింకా జాగీరు. కుట్ర పన్నాడని జాగీర్దారు అబ్బాస్ అలీ ఖాన్‌ను 1839 ప్రాంతంలో తొలగించాక కుంఫిణీ చేతికి వచ్చింది. మిగతా తాలూకాల్లో పన్ను వసూలు చేసే తాసిల్దారే పోలీసుకీ పెద్ద. ఆ కలయిక ఎంత కీడు చేసిందో 1855 నాటి చిత్రహింసల కమిషన్ నివేదిక చెబుతుంది: సిస్తు బాకీపడ్డ రైతునీ, నేరం ఒప్పుకోని అనుమానితుణ్ణీ తాసిల్దారు మనుషులే బాధించారు. 1859లో 24వ చట్టంతో మద్రాసు పోలీసు శాఖ వేరుపడింది. తలారి మాత్రం ఊళ్లోనే, మునసబు చేతికిందనే ఉండిపోయాడు.

నాకు ఇప్పటికీ మనసు మండేది ఆ తర్వాతి సంగతికి. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం కింద మద్రాసు ప్రెసిడెన్సీలో ఎరుకల్ని పుట్టుకతోనే దొంగలని రాశారు. కావలి పట్టణంలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ కింద వాళ్లకి సెటిల్మెంటు పెట్టారు. యానాదుల్లోనూ కొందరిని ఆ జాబితాకెక్కించారు. నిన్నటిదాకా దొంగ జాడ తీసిపెట్టినవాళ్ల మీదే నిఘా! ఆ చట్టాన్ని మద్రాసు రాష్ట్రం 1947లో, దేశమంతా 1952లో రద్దు చేశారు. మెట్ట ఊళ్లలో ఏదైనా పోతే మొదటి అనుమానం యానాది కాలనీ మీదికే పోవడం ఈనాటికీ చూస్తున్నాను.

1984 జనవరి 6న ఒక ఆర్డినెన్సుతో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. తలారులు గ్రామ సేవకులై, తర్వాత వీఆర్ఏలయ్యారు. వంశపారంపర్యం పోయింది, మంచిదే. పరీక్ష రాసి గెలిచే ఉద్యోగాలొచ్చాయి. 2019 తర్వాత గ్రామ సచివాలయాల్లో మహిళా పోలీసులుగా డిగ్రీ చదివిన ఆడపిల్లలు చేరారు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత, ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు నేరస్థలానికి రావాలంటోంది. రాష్ట్రాలకు ఐదేళ్ల గడువిచ్చింది కాబట్టి ఫోరెన్సిక్ చదువుకి గిరాకీ పెరుగుతుంది. సైన్సు చదివినవాళ్లని అటే పొమ్మంటాను. ఎర్రచందనం కేసులున్న మా వెలిగొండల్లో అటవీశాఖ ఉద్యోగమూ నేరపరిశోధనే. ప్రాసిక్యూటరు కావాలంటే లా చదవాలి, కోర్టులో కొన్నేళ్లు నలగాలి.

వీటన్నిటికన్నా నేను గట్టిగా చెప్పేది ప్రొబేషన్ ఆఫీసరు పని. దాని పేరు కూడా చాలామంది పిలకాయలు విననే లేదు. 1958 చట్టం కింద, తగిన కేసుల్లో తప్పు చేసినవాణ్ణి జైలుకి పంపకుండా మంచి నడవడి షరతు మీద వదలొచ్చు. 21 ఏళ్ల లోపువాడైతే కోర్టు ప్రొబేషన్ ఆఫీసరు రిపోర్టు తెప్పించుకోవాలి. ఆ రిపోర్టు రాసే మనిషి ఆ కుర్రాడి ఇంటికి పోయి, తల్లి ఏ కూలికి పోతుందో, వాడు బడి ఎప్పుడు మానాడో, ఊళ్లో పని ఇచ్చేవాళ్లెవరో అడిగి తెలుసుకోవాలి. యానాది కాలనీలో ఏ గుడిసె ఎవరిదో, ఎవరినడిగితే నిజం తెలుస్తుందో ఎరిగిన మెట్ట పిలకాయలు ఆ పనిలోకి రావాలి. ఎరుకల, యానాది ఇళ్లలోంచి వస్తే మరీ మంచిది.